ఫైలు పుట్టిన రోజు

పాత ఆపిల్ కంప్యూటర్లో పుట్టిన ఫైలును విండోస్‌లో తెరిస్తే తెలుగు కనపడదు, కోడి కెలికినట్టు గీతలు కనపడతాయి. వాటిని మళ్లీ తెలుగు చేయడం ఫిల్మ్ నగర్‌లో అరుణజ్యోతికి వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. ఇరవై రెండేళ్లుగా ఆమె రచయిత వీరరాఘవయ్య దగ్గర టైపిస్టు. ఆ ఆఫీసు తప్ప ఆమెకు వేరే లోకం తెలియదు.

ఈసారి మార్చాల్సింది ఒక్కటే ఫైలు, ఆయనకు ఇంత పేరు తెచ్చిన సినిమా కథ. ఆ కథ తనదని, 2003 జూన్‌లో ఆయన గదిలోనే కూర్చుని వినిపించానని లీలాకుమారి అనే రచయిత్రి సినీ రచయితల సంఘంలో ఫిర్యాదు చేసింది. అంతకుముందే రాయడం మొదలుపెట్టానని ఆయన అన్నాడు. అలాగైతే ఆ ఫైలును తేదీ చెదరకుండా ఇప్పటి కంప్యూటర్లో తెరుచుకునేలా మార్చి, తేదీ నిజమేనని టైపిస్టు సంతకంతో కాగితం తెమ్మన్నారు సంఘం పెద్దలు.

మూడు రోజులు కుస్తీ పడితే అక్షరాలు దారికొచ్చాయి. ఫైలు పుట్టిన తేదీ కూడా అలాగే వచ్చింది: 2003 మే 14. అది అబద్ధమని ఆమెకు తెలుసు.

ఆ ఫైలు పుట్టింది జూలైలో, ఆషాఢంలో. శూన్యమాసంలో కథ మొదలుపెట్టడానికి సినిమావాళ్లకు చేతులు రావు. పరాయి కథ చేతికి చిక్కాక శ్రావణం దాకా ఆగే ఓపికా వీరరాఘవయ్యకు లేదు. పంచాంగం తిరగేసి, దాటిపోయిన వైశాఖంలో ఒక మంచి రోజు పట్టుకుని, కంప్యూటర్‌కు ఆ తేదీ పెట్టి ఫైలు తెరవమన్నాడు. దేవుడి కళ్లు కూడా కప్పగలననుకున్న మహానుభావుడు! కొత్తగా చేరిన పిల్ల, ఎందుకని అడగకుండా ఆమె అలాగే పెట్టింది.

ఇప్పుడు ఆయన బల్ల దగ్గరికి వెళ్లి అదే చెప్పింది.

“సార్, గీ తేదీ నిజం కాదు. మీరు చెప్తే నేనే మార్చిన.”

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“మార్చింది నువ్వేగా అమ్మా. ఆ మాట బయటికొస్తే దొంగ తేదీ వేసిందెవరంటారు?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే లీలాకుమారి కథ ఇక ఎప్పటికీ ఆమెది కాదు. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, పైగా దొంగ అన్న ముద్ర. రహమత్ నగర్‌లో అరుణజ్యోతి రెండు గదుల ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆయన మీద అసహ్యం వేసింది, అంతకన్నా ఎక్కువ తన మీద. కలం తీసుకుని సంతకం పెట్టింది.

మర్నాడు సంఘం ఆఫీసులో పెద్దలు తేదీ చూశారు, కాగితం చదివారు, ఫిర్యాదు కొట్టేశారు. లీలాకుమారి తన కాగితాలు సర్దుకుని వెళ్తూ అరుణజ్యోతి కుర్చీ దగ్గర ఆగింది.

“ఆ రోజు నేను కథ చెబుతుంటే గదిలో కళ్లు తుడుచుకున్నది నువ్వొక్కదానివే. అందుకే సాక్షిగా నీ పేరే రాసిచ్చానమ్మా” అంది.