పలుకరాని పేరు

కార్తిక మాసపు కడపటి దినములు. మూడహోరాత్రములు తెరపి లేక కురిసిన తుపానువాన ఆ వేకువను కొంత నెమ్మదించెనే కాని సముద్రముమీది నల్లని మేఘమాల తొలగిపోలేదు. సూర్యుడు ఉదయించెనో లేదో తెలియకుండెను. విశాఖపట్టణమున కొండవాలునందు నిలిచిన ఆ పెద్ద ఆసుపత్రి గోడలు నానిన సున్నపు వాసన వేయుచుండెను. కిటికీ అద్దములవెంట నీటిచారలు జారుచు ఒకదానితో నొకటి కలియుచు మరల విడిపోవుచుండెను. ఆ భవనపు అడుగంతస్తున పగటివెలుతురు సోకని యొక చల్లని గదిలో మనుష్యుని మెదడునందు నెత్తురు ఏ తావున హెచ్చుగా ప్రవహించుచున్నదో చిత్రించి చూపు మహాయంత్ర మొకటి గుహవలె నోరు తెరచుకొని యుండెను.

ఆ గది వాకిట బల్లపై ఇద్దరు స్త్రీలు కూర్చుండియుండిరి. ఒకతె తవిటమ్మ. శ్రీకాకుళపు సీమలో నాగావళి యొడ్డునగల పల్లెయందు తుంగచాపలు అల్లి సంతల వెంట తిరిగి అమ్ముకొని బ్రదుకునది. రెండవది ఆమె ఆడపడుచు నీలమ్మ. ఆరు మాసములకు పూర్వము తవిటమ్మ భర్తతో కూడ చాపలమోపు లెత్తుకొని సంతకు పోవుచుండగా వారెక్కిన ఆటో కల్వర్టు దగ్గర బోల్తాపడెను. ఆమె తలకు ఎడమప్రక్కను గాయమయ్యెను. ఇరువది దినములు తెలివిలేక పడియుండి కన్నులు తెరచునప్పటికి మాట పోయియుండెను. ఎదుటివారు పలికినది తెలియుచుండెను. తాను చెప్పదలచినదియు తెలియుచుండెను. చెప్పవలసిన మాట మాత్రము నాలుకకు అందకుండెను. సంతలో పదిమంది బేరగాండ్రను ఒక్కతెయే నోట గెలిచిన యా స్త్రీ దాహమైనపుడు చెంబు చూపవలసినదయ్యెను.

ఆమె భర్త అసిరయ్య ఆ ప్రమాదము జరిగిన మూడవనాడే మరణించెను. తవిటమ్మ ఆ సంగతి యెరుగదు. మాటలేని మనిషికి ఏడ్చుటకైన దారి యుండదని బంధువులు భయపడిరి. నీలమ్మ అన్నగారి చితి చల్లారకమునుపే కన్నులు తుడుచుకొని, వదినెకు తెలివి వచ్చిననాటినుండి అసిరయ్య కాలు విరిగి ఇంటివద్ద మంచము పట్టియున్నాడని వదినెతోను వైద్యులతోను ఒకే మాటగా చెప్పుచు వచ్చెను.

ఆ ఆసుపత్రిలో డాక్టర్ మృణాళిని యను యువతి గాయపడిన మెదడు పోయిన పలుకును ఏవిధముగా మరల కూడదీసికొనునో తెలిసికొనుటకై పండ్రెండుగురు రోగులకు దినదినము మాటల శిక్షణ మిప్పించుచుండెను. శిక్షణకు ముందొకమారును నాలుగు మాసములకు పిమ్మట నింకొకమారును వారిని యంత్రమునందు పరుండబెట్టి నలువది బొమ్మలు చూపుదురు. రోగి ప్రతి బొమ్మ పేరును మనస్సులో ననుకొనవలెను. తరువాత వెలుపలికి వచ్చి అవే బొమ్మలను చూచి నోట పలుకవలెను. నలువదింటిలో ఇరువది పలికినవారికే శిక్షణ మరియొక సంవత్సరము సాగును. పలుకలేనివారు ఇంటికి పోవలెను. తవిటమ్మ పల్లెకు మాటలు నేర్పుటకై నడచి వచ్చువా రెవ్వరును లేరు.

ఈమారు ఇంటివారి ముఖములుకూడ బొమ్మలలో చేర్చిన మేలని తోచి మృణాళిని నీలమ్మను ఫొటోలు తెమ్మని యడిగెను. అసిరయ్యకు పెద్దకర్మనాడు పెంచి చట్రము కట్టించిన పటము తప్ప వేరొక మంచి ఫొటో లేదు. నీలమ్మ పల్లెకు పోయి పటముమీది దండ తీసి అద్దమును కొంగుతో తుడిచి సెల్‌ఫోనులో దానిని పట్టి తెచ్చి యిచ్చెను. భర్త ముఖము చూచినచో వదినెకు ధైర్యము కలుగునని ఆమె తలచెను.

ఆ ఉదయము నర్సు వచ్చి యంత్రమునందు లోహము పనికిరాదని పుస్తెలును మెట్టెలును తీయుమనెను. మొదటి పర్యాయము తవిటమ్మ పుస్తెలను రెండు చేతులతో పట్టుకొని విడువక యేడ్చెను. నాడు నీలమ్మయే పసుపుత్రాటికి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసి యొప్పించెను. యంత్రమునుండి వెలుపలికి రాగానే తవిటమ్మ చేయి మొదట చాచినది ఆ పుస్తెలకొరకే. నేడును నీలమ్మ పసుపుకొమ్ము కట్టి పుస్తెలను గుడ్డసంచిలో నుంచి బొడ్డున దోపుకొనెను.

“బెంగెట్టుకోకొదినా. నువ్వొచ్చీసరికి నా కాడే ఉంటాయి. నానేటి అమ్మేసుకుంటానేటి?”

తవిటమ్మ నవ్వెను. నవ్వుటకు మాటలతో పనిలేదు కదా.

యంత్రమునందు ఆమె తలకు పంజరమువంటి యుపకరణము బిగించి కదలరాదని మరిమరి చెప్పిరి. కన్నులయెదుట చిన్న యద్దమున బొమ్మలు వచ్చుచు పోవుచుండెను. రోకలి వచ్చెను. కాకి వచ్చెను. పడవ వచ్చెను. ముప్పదియొకటవ బొమ్మగా అసిరయ్య వచ్చెను. ఆమె చూచెను. ఆ బొమ్మ నిలిచినది కొన్ని క్షణములే. తవిటమ్మ కన్నుల కొనలనుండి నీరు జారి చెవులదాక పోయెను. తలమాత్రము కదలలేదు.

తరువాత వెలుపలి గదిలో ఆమె పందొమ్మిది బొమ్మల పేర్లు పలికెను. భర్త ముఖము చూపినపుడు పెదవులు బిగించెను. మృణాళిని లెక్క కాగితమున ఆ బొమ్మకెదుటి గడిలో సున్న చుట్టెను. గణించిన చిత్రములు తెరపైకి వచ్చిన పిమ్మట ఆమె నీలమ్మను పిలిచి చూపెను.

“ఇదిగో చూడండి. మిగతా ఏ బొమ్మ దగ్గరా ఇంత వెలగలేదు. కానీ నోట ఒక్క ముక్క రాలేదు. మాట దొరికి ఆగిపోయిందో, అసలు దొరకనే లేదో ఈ చిత్రం చెప్పలేదు. ఈ ఒక్కటీ అని ఉంటే ఇరవై అయ్యేవి.”

నీలమ్మ నోట చెంగు అడ్డుపెట్టుకొని నవ్వెను.

“ఓలమ్మ! మీకు తెల్దేటి డాక్టరమ్మా? మొగుడి పేరు ఆడది నోటితో అంటాదేటి? ఆడి ఆయుస్సు తగ్గిపోదా? మా ఊరి తల్లి పేరు అసిరితల్లి. మా అన్న పేరు కలిసిందని మా ఒదిన ఆ పేరే అన్దు. మనూరి తల్లి అంటాది. మొక్కినప్పుడు కూడా అంతే.”

మృణాళినికిని నవ్వు వచ్చెను. “నేను మా ఆయన్ని రోజుకి వందసార్లు పేరు పెట్టి పిలుస్తానండీ. పాపం, ఇంకా బతికే ఉన్నాడు!”

నీలమ్మ నవ్వు అచటనే యాగిపోయెను. డాక్టరమ్మ దానిని గమనింపలేదు. బొమ్మను మార్చుటకు నియమ మొప్పదనియు మధ్యాహ్నము మరియొకమారు అడుగవచ్చుననియు చెప్పి ఆమె లేచిపోయెను.

నీలమ్మ వదినె ప్రక్కను చేరి యామె చేతిని తన చేతిలోనికి తీసికొనెను. ఆ పేరు పలికినందున తరుగుటకు ఆయువే మిగిలియుండలేదని ఆమెకు తెలియును. ఆ మాట చెప్పుటకు మాత్రము నాలుకగల యామెకును నాలుక లేకపోయెను.

“ఒక్కపాలి అనీ ఒదినా. తప్పు నేదు. మా అన్నకి నాను సెప్పుకుంటాను, కోప్పడొద్దని. అనకపోతే మనల్ని ఇంటికి పంపేస్తారే.”

తవిటమ్మ ఆడపడుచు ముఖమును చాలసేపు చూచెను.

మధ్యాహ్నము వాన మరల హెచ్చెను. మృణాళిని బొమ్మను బల్లపై నుంచి “ఎవరమ్మా ఈయన?” అని యడిగెను. తవిటమ్మ చూపుడువ్రేలు చాచి బొమ్మలో నుదుటి అంచును తాకెను. అచట కందిగింజంత యెఱ్ఱని చుక్క యుండెను. అది నుదుటిమీది బొట్టు కాదు. నుదుటినుండి రవంత తొలగి అద్దముమీద నంటియుండిన కుంకుమ. బ్రదికియున్నవాని పటమునకు ఎవ్వరును బొట్టుపెట్టరు. నీలమ్మ కొంగునకు దొరకక మిగిలిన యా చుక్కను తవిటమ్మ ఉదయమే యంత్రమునందు చూచియుండెను.

“అ… సి…” ఆమె కన్నులు మూసికొనెను. “అసిరయ్య.”

మృణాళిని ఆనందముతో చప్పట్లు చరచెను. “ఇరవై! నీలమ్మగారూ, విన్నారా? ఇరవై!” అని పలుకుచు సున్నను కొట్టివేసి గడిలో ఒకటి వ్రాసెను. తవిటమ్మ తక్కిన బొమ్మలకొరకు ఎదురు చూచుచుండెను. డాక్టరమ్మ చాప బొమ్మను పెట్టగా “చాప” అనెను.

వాకిట నిలిచిన నీలమ్మ పేరు వినెను. వ్రేలు నిలిచిన తావును చూచెను. పండ్లచాటున అణచుకొనిన ఆరు మాసముల యేడుపు ఒక్కమారుగా వెలికి వచ్చుచుండగా గోడనానుకొని క్రిందికి జారెను.

“ఒదినా, నీకు తెలిసిపోయినాదేటే…”

ఆమె గుడ్డసంచి విప్పి పుస్తెలు చాచెను. తవిటమ్మ చేయి చాపలేదు. లేచివచ్చి ఆడపడుచు ప్రక్కను నేలమీద కూర్చుండి తన మెడలోని పసుపుత్రాడును తానే విప్పి పసుపుకొమ్మును ఆమె అరచేతిలో పెట్టి వ్రేళ్లు మూసెను.

మృణాళిని కలము పట్టుకొని యట్లే నిలిచిపోయెను. తాను లెక్కించిన యిరువదియవ మాట ఎట్టిదో ఆమెకు అప్పుడు తెలిసెను. ఆమె వెనుక తెరపై తవిటమ్మ మెదడు చిత్రము ఇంకను నిలిచియుండెను. పోయిన పలుకును మనుష్యుడు మరల పొందవచ్చును కాని ఆ పలుకు ఏ వార్తను మోసికొని వచ్చునో యే యంత్రమును ముందుగా చెప్పజాలదు. బూడిదవన్నె గల యా చిత్రమునందు అసిరయ్య ముఖము కనబడిన క్షణమున వెలిగిన తావు కందిగింజంత కుంకుమవలె ఎఱ్ఱగా నుండెను.