పొట్టలో గీత

తొలొగొన్ తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ముసలాయన ఒకే వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు. కొత్త సైటు వాడి చూడటానికి పిలిపించినవాళ్లకు సాయం చేయకూడదు, ఎక్కడ తడబడుతున్నారో చూడాలి, అంతే. జనాన్ని ఏడిపించని వెబ్‌సైట్లు కట్టడం అతని ఉద్యోగం. అలవాటు ఇంటిదాకా వచ్చింది. భార్య సీసా మూతతో కుస్తీ పడుతుంటే కన్నార్పకుండా చూస్తాడు. "చూసింది చాల్లే, వచ్చి తియ్యి!" అని ఆవిడ కసిరేదాకా కదలడు.

ముసలాయన పేరు ఒముర్. ఒకప్పుడు కిర్గిజ్ రాజధాని బిష్కెక్ వీధుల్లో ట్రాలీబస్సు నడిపాడు. ఇప్పుడు నెలనెలా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపటి నుంచి ఆ ఆసుపత్రి కిటికీ దగ్గర పేర్లు రాసుకోరు, అంతా ఈ సైటులోనే. ఆయన పేరు కొట్టి మీట నొక్కాడు. తెర మీద ఎర్రగా వచ్చింది: "అలాంటి వ్యక్తి లేరు."

"ఓరి దీని దుంపతెగ! ఇంకా ఊపిరాడుతూనే ఉందే, అప్పుడే లేనంటుందేమిటి?"

మళ్లీ కొట్టాడు. మళ్లీ లేడు.

"ఆయుష్షు అని అర్థం వచ్చేట్టు పేరు పెట్టింది నాయనా మా అమ్మ. దీనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు."

తొలొగొన్‌కు నవ్వు రాలేదు. కిర్గిజ్ భాషలో ఒక 'ఒ' ఉంది, సున్నా పొట్టలో అడ్డగీత. రష్యన్ కీబోర్డులో ఆ అక్షరం లేదు. అందుకని ఊరంతా గీత లేని సున్నా కొట్టేసి పని కానిస్తుంది. చదివేవాళ్లు గీత తామే వేసుకుని చదువుకుంటారు. పాస్‌పోర్టులో మాత్రం గీత ఉంటుంది. యంత్రానికి గీత ఉన్న ఒముర్, గీత లేని ఒముర్ వేరు వేరు మనుషులు.

అతను లేచి మెదెర్ గదిలోకి వెళ్లాడు. మెదెర్ వయసులో చిన్నవాడు, ఆఫీసుకు పెద్ద.

"గీత ఉన్నా లేకున్నా ఒకటే అనుకోమని యంత్రానికి చెబుదాం. ఒక పూట పని."

"మళ్లీ మొదలెట్టావా అన్నా? పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలన్నారు ఆసుపత్రి వాళ్లు. సాయంత్రం తెరుస్తున్నాం. రంగులు ఎంత బాగున్నాయో అన్నారు కూడా."

"రంగులు చూస్తే గుండెనొప్పి తగ్గుతుందా?"

"మనవళ్లు కొట్టిపెడతార్లే."

"మనవళ్లు లేనివాళ్లకో?"

"ఊళ్లో ప్రతి ముసలాడికీ నువ్వే మనవడివా ఏంటి?"

తొలొగొన్‌కు ఒళ్లు మండింది. పింఛను సైటప్పుడూ ఇంతే, రైలు టికెట్లప్పుడూ ఇంతే. తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఏనాడూ రాలేదు. ప్రతిసారీ కోపాన్ని టీతో కలిపి మింగేశాడు.

ఈసారి మింగలేదు. భోజనానికి లేవకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆ మార్పు తానే చేశాడు. ముసలాయనను మళ్లీ కూర్చోబెట్టాడు.

"ఉన్నానట!" అని అరిచాడు ఒముర్. లేచి తొలొగొన్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఇంక ఎవర్నీ బతిమాలక్కర్లేదు. రేపు ఇంట్లో కూచుని నేనే కొట్టుకుంటా."

సైటు తెరిచే వేళకు మెదెర్ ఆ మార్పు కనిపెట్టి తీసేశాడు. సైటు తెరిచారు, చప్పట్లు కొట్టారు. తొలొగొన్ తన బల్ల దగ్గర నిలబడే ఒముర్ పేరు కొట్టి చూశాడు. అలాంటి వ్యక్తి లేరు. ఆ మనిషి రేపు ఇంట్లో ఒంటరిగా ఇదే చదువుకుంటాడు. ఒముర్‌కు ఫోన్ చేసి, ఇప్పట్లో కుదరదని, తానే వచ్చి కొట్టిపెడతానని చెప్పాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు.

"వెళ్తున్నా మెదెర్."

"రేపు పెందలాడే రా అన్నా, ఫోన్లు మోగుతాయి."

"రేపు రాను."

"సరే సరే," అన్నాడు మెదెర్ తల ఎత్తకుండా.

అందరూ వెళ్లాక మెదెర్ దీపాలు ఆర్పబోతూ ఆ బల్ల దగ్గర ఆగాడు. తొలొగొన్ గుర్తింపు కార్డు అక్కడే ఉంది. అతని పేరులో మూడు సున్నాలు. ఆఫీసు వాళ్లు ఏనాడో గీతలు లేకుండానే అచ్చు వేయించారు. ఇప్పుడు మూడింటి పొట్టల్లోనూ పెన్నుతో గీసిన అడ్డగీతలున్నాయి, ప్లాస్టిక్ చీరుకుపోయేంత గట్టిగా.