అప్పడాల పాఠం

ఆదివారం పిల్లలకు మొదటి దివ్యసత్ప్రసాదం. ఉదయగిరి నుంచి ఫాదర్ వచ్చేలోగా, పూజలో ప్రభువు శరీరంగా ఇచ్చే పల్చటి అప్పాన్ని నాలుక మీద నిలుపుకోవడం వాళ్లకు నేర్పాలి. ఉపదేశి శీనమ్మ ఎప్పటిలాగే సీసా మూతంత అప్పడాలు వేయించి తెచ్చింది. నమలొద్దు, మెల్లగా నాననివ్వండి అని నెత్తీనోరూ కొట్టుకున్నా వింటేగా! నోట్లో పడడమే ఆలస్యం, కరకర. ఆపైన కిసకిస.

శుక్రవారం ఆ సందట్లో లిఖిత కూడా వరుసలో దూరింది. పాలకేంద్రం మాల్యాద్రి మనవరాలు. శీనమ్మ మొహం చూడకుండానే ఆ పిల్ల నాలుక మీదా ఒకటి పెట్టేసింది. పిల్ల ఇంటికెళ్లి "నేను దేవుణ్ణి తినేసినా" అని చెప్పింది. ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేశారు.

మర్నాడు పిల్లలు, తల్లులు వచ్చేసరికి పాలకేంద్రం షెడ్డుకు తాళం. ఊళ్లో వాళ్లకు చర్చి లేదు. క్లాసైనా, పూజైనా అందులోనే. మాల్యాద్రి ముందర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏం శీనమ్మా, నా మనవరాల్ని మీలో కలిపేస్తావా?"

"చూసుకోకుండా పెట్టినాను, తప్పు నాదే. అది ఉత్త అప్పడమన్నా. తింటే ఎవురూ ఏమీ అయిపోరు."

మాల్యాద్రి మొహం విచ్చుకుంది. "అట్టా చెప్పు మరి. రేపు మీ ఫాదర్ పెట్టేది కూడా ఉత్త అప్పడమేనని ఈ పిల్లకాయల ముందర ఒక్క మాట అను. తాళంచెవి ఇప్పుడే ఇస్తా."

తెల్లగౌన్లు కుట్టించి పెట్టుకున్న తల్లులు శీనమ్మ వైపు చూశారు. అనేస్తే పోయేదేముంది అన్నట్టు ఒకామె మోచేత్తో పొడిచింది కూడా. శీనమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఇది అప్పడం. రేపటిది మా ప్రభువు. రెండూ ఒకటేనని నా నోటితో అననంటే అనను. నీ షెడ్డు నువ్వే ఉంచుకో. పూజ రోడ్డు పక్కనే చేయించుకుంటాం."

"ఈ ఎండలోనా?"

"ఎండేమన్నా నీదా?"

అప్పటికప్పుడే పిల్లలను దుత్తలూరు రోడ్డు పక్కన వరుసగా మోకరించమంది. మోకాళ్లకు కంకర గుచ్చుకుంటున్నా ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కరి నాలుక మీదా అప్పడం పెట్టుకుంటూ పోయింది. మాల్యాద్రి కుర్చీలో ముందుకు వంగాడు. ఈ పిల్లలు ఎట్లా నములుతారో ఆయన రోజూ వింటున్నదే. నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

చివరి పిల్ల నోరు మూసింది. ఎక్కడా కరకర వినబడలేదు.