నలభై ఒక్క మంది ఉన్న గ్రూపు

ఇంట్లో అందరికంటే పొడుగు కాబట్టి ఆ పిల్లని పొట్టి అని పిలిచేవారు. కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో కూచుని, ఫ్రేములకు సరిపడేలా అద్దాలు అరగదీసి బిగించడం ఆమె పని. ఫోన్లో ఆమెకు తాళం వేసిన ఖాతా ఒకటుండేది. అందులో ముప్పై మంది. సగం మందిని ఎన్నడూ ఎదురుగా చూడలేదు. అయినా తనకు అమ్మాయిలంటే ఇష్టమని మొట్టమొదట నోరు విప్పింది వాళ్ల దగ్గరే.

ఆ ముప్పై మందిలో పెద్దమ్మ కూతురు ఒకతె. అక్కే కదా అని తనే రానిచ్చింది.

ఒక మంగళవారం పొద్దున, పొట్టి తన స్నేహితురాలి బుగ్గ మీద ముద్దు పెడుతున్న ఫొటో నలభై ఒక్క మంది ఉన్న చుట్టాల గ్రూపులో పడింది. కింద అక్క రాసింది ఒకటే ముక్క: "పిన్నీ, ఇది నీకు తెలుసా?"

పదకొండు కల్లా మామయ్య పరువు గురించి రాసి, చివర్న రాయకూడని మాటొకటి తగిలించాడు. వదిన డాక్టరు నంబరు పెట్టింది. బాబాయి ఏమీ రాయలేదు గానీ, అందరి మాటలకీ బొటనవేలు గుర్తు పెడుతూ పోయాడు. మధ్యాహ్నానికి పొట్టి చేతిలో రెండు అద్దాల అంచులు పగిలాయి.

"ఇవాళ నీ ధ్యాస పని మీద లేదు," అంది ఓనరమ్మ. "ఆ ఫోను ఇలా ఇవ్వు."

ఇచ్చేసింది. సొరుగులో అది గుర్రుమంటూనే ఉంది.

సాయంత్రం తీసి చూస్తే నూటపన్నెండు మెసేజీలు. అన్నిటికంటే కింద, అమ్మ గ్రూపులోంచి వెళ్లిపోయిందని చిన్న అక్షరాలు. పువ్వుల బొమ్మలు తప్ప అమ్మ ఏనాడూ అందులో ఏమీ పెట్టి ఎరగదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"ఎలా బయటికొచ్చావమ్మా?"

"పక్కింటావిణ్ని అడిగా. నొక్కమన్న చోట నొక్కా."

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉంది. నీ సంగతి నా బుర్రకెక్కదు, ఇప్పుడే చెబుతున్నా. కానీ నా తోడబుట్టినవాడు నిన్నన్న మాట మాత్రం బాగానే అర్థమైంది." దుప్పటి రెండో కొస కూతురి చేతికిచ్చింది. "పట్టుకో."

"ఆ అమ్మాయిని వదిలెయ్యమంటావా?"

"అంటే వదిలేస్తావా?"

"లేదు."

"మరెందుకడగడం."

పొట్టి ఆ వారం ఫోన్లోంచి యాపులన్నీ తీసిపారేసింది. పని బాగానే సాగింది, నిద్ర మాత్రం పట్టలేదు. తొమ్మిదో రోజు మళ్లీ పెట్టుకుంది. ఏమైపోయావంటూ ఆ ముప్పై మందిలో ఇరవై మంది రాసి ఉన్నారు. ఒక్కొక్కరికీ జవాబిచ్చి, అక్కని తీసేసింది. అక్క ఇప్పటికీ తప్పయిందని అనలేదు.

అమ్మ ఆరు నెలలు ఆ ఊసెత్తలేదు. తర్వాతొకరోజు, ఆ పిల్ల ఏం పని చేస్తుందని అడిగింది.

"అంబులెన్సు నడుపుతుంది."

"కాస్త మెల్లగా నడపమను," అంది అమ్మ.