పుట్నాల ఫౌజు

"దు... కా... ణం. దుకాణం!"

బస్టాండ్ ఎదుటి బోర్డును కల్లమ్మ చదివేసింది. పక్కనే కూరగాయల సంచి మోస్తున్న అల్లుడు సంగమేశ్వర్ ఉలిక్కిపడ్డాడు.

"సూసినవా అల్లుడా? వయోజన విద్యల మూడు నెల్ల సదువు! ఇగ నువ్వు రాసిన బుక్కు సదువుత. యాడుంది?"

"అది దొరకదత్తమ్మా. అచ్చేసిందే పాతిక."

అబద్ధం కాదు. పశువుల దవాఖానలో కాంపౌండర్ అయిన సంగమేశ్వర్, టైలర్ కిష్టప్ప, కల్హేర్ ఈరయ్య కలిసి ఒక యుద్ధపు ఆట కనిపెట్టారు. నేల మీద సుద్దతో గ్రహాలు గీస్తారు. కందులు ఒకరి ఫౌజు, పుట్నాలు ఇంకొకరి ఫౌజు. గవ్వలు వేసి దండయాత్ర. ఆ యుద్ధాలనే అంతరిక్ష కథలుగా రాసి, మూడేళ్ల కింద, 1989లో, పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులో పుస్తకం అచ్చేయించారు. మిగిలిన పత్రికలనే అట్టలుగా వాడటంతో ముఖచిత్రంలో రాకెట్ బదులు పల్లకి, రెండు చిలుకలు వచ్చాయి.

చిక్కంతా మూడో కథలో ఉంది. అందులో మూడు నోళ్ల రాణి ఒక నోటితో తింటుంది, రెండో నోటితో తిడుతుంది, మూడో నోటితో అల్లుడికి పనులు పురమాయిస్తుంది. ఆఖరి యుద్ధంలో చిత్తుగా ఓడిపోతుంది. సంగమేశ్వర్ ఇల్లరికపు అల్లుడు. ఆ కథ కల్లమ్మ కంటపడిందా, అతని సామాను వీధిలో ఉంటుంది.

సంచి ఇంట్లో పడేసి కిష్టప్ప దుకాణానికి పరుగెత్తాడు.

"నా కాపీలు మొన్ననే పోయినయ్," అన్నాడు కిష్టప్ప, గుండీ కుడుతూ.

"ఎవరు తీస్కపోయిండ్రు?"

"చెప్పనని ఒట్టేసిన. పరేషాన్ చెయ్యకు, పో."

బస్సెక్కి కల్హేర్ పోయాడు. ఈరయ్యదీ అదే మాట. సిర్గాపూర్‌లో పుస్తకం కొన్న యాదయ్య ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. ఖాళీ. ఎవరో తనకంటే ఒక అడుగు ముందు నడుస్తున్నారు!

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తుంటే బడి వరండాలోంచి కోరస్ వినిపించింది.

"మూ... డు... నో... ళ్ల... రా... ణి..."

ఇరవై మంది ఆడవాళ్లు. ఇరవై పల్లకీలు, నలభై చిలుకలు. మధ్యలో కల్లమ్మ.

"రా అల్లుడా. పలకల సదువు ఒడ్సింది. ఇంటి బుక్కు ఉండంగ ఇంకోటెందుకని దొరికినయన్నీ జమజేసిన. నీ నోటితోని జెప్తవేమోనని పొద్దుగాల అడిగితే దొరకదంటివి!"

"గీ రాణి అచ్చం నీ లెక్కనే తిడ్తది కల్లవ్వా!" హన్మమ్మ కిసుక్కున నవ్వింది.

"నాకెర్కలేదా? మొదటి పేజీలనే గుర్తువట్టిన." కల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మూడు నోళ్లుంటే ఉండని. తిడితే తిట్టని. ఓడుడేంది? నేను ఎన్నడన్న ఓడిన్నా?"

"గవ్వలు అట్ల పడ్డయ్ అత్తమ్మా..."

"అయితే ఇప్పుడేసి సూద్దాం. నేను ఓడితే నువ్వు ఇల్లు ఖాళీ చెయ్యి. గెలిస్తే కథ మార్చి రాయి."

కందులు ఆమెవి, పుట్నాలు అతనివి. జీవితంలో మొదటిసారి సంగమేశ్వర్ ఓడిపోవడానికి కూర్చున్నాడు. గవ్వలు వింటేగా! అష్ట. మళ్లీ అష్ట. చూస్తుండగానే పుట్నాలు రాణి కోటను చుట్టుముట్టాయి. ఇంకొక్క గ్రహం చిక్కితే అతను గెలుస్తాడు. ఇల్లు పోతుంది.

గవ్వలు వేసే ముందు కళ్లు మూసుకుని "బసవణ్ణా" అనడం కల్లమ్మ అలవాటు. ఆమె కళ్లు మూసింది. సేనాపతి గుటుక్కున సంగమేశ్వర్ నోట్లోకి పోయాడు. మళ్లీ మూసింది. ఒక దళం పోయింది. "బసవణ్ణా" అన్నప్పుడల్లా ఫౌజు పలచబడింది. చివరికి నేల మీద ఒక్క పుట్నం మిగల్లేదు.

"గెలిచిన!" కల్లమ్మ ఎగిరింది. వరండా దద్దరిల్లేలా చప్పట్లు. మలి ముద్రణలో రాణే గెలుస్తుందని పలక మీద రాయించి, అల్లుడితో సంతకం పెట్టించుకుంది.

ఇల్లు దక్కింది. హమ్మయ్య అనబోయిన సంగమేశ్వర్‌కు దగ్గు తెర ముంచుకొచ్చింది. కల్లమ్మ నీళ్ల చెంబు అందించింది.

"తాగు అల్లుడా. ఉత్త పుట్నాలు గొంతుల అడ్డం వడ్తయ్. మళ్ల ఆడినప్పుడు నీ ఫౌజుకు ఇంత బెల్లం గూడ వెడ్త."