ఘనం చేయడం

కిందటేడు డిసెంబరు తొమ్మిదిన మిత్రులంతా చలిమంట చుట్టూ కూర్చుని కోడికూరతో జొన్నరొట్టెలు, బూడిదలో కాల్చిన చిలగడదుంపలు తిన్నారు. మోషేకు ఆ తేదీ గుర్తుండిపోయింది. భార్య ఎస్తేరు బతికుండగా వేసిన ఆఖరి చలిమంట అదే. ఆమె దవాఖానలో నర్సు. మార్చిలో పోయింది.

ఈ ఏడు నల్లగండ్ల మీదికి చలి దిగగానే మిత్రులు మళ్ళీ పిలిచారు. మోషే ఆఫీసు బస్సు దిగి, మెడలో ట్యాగు తీయకుండానే అపార్టుమెంటు వెనక ఖాళీ ప్లాటులోకి వెళ్ళాడు. కాళ్ళు లాగుతున్నాయి. పొద్దంతా కంప్యూటరు చూసిన కళ్ళు మంటను కూడా పనిలాగే చూశాయి.

ప్లాట్ల వ్యాపారం చేసే కడప చెన్నకేశవులు కుర్చీ జరిపాడు. నల్లగండ్లలోనే పుట్టి, ఇప్పుడు గదులు కిరాయికిచ్చి బతికే పెంటయ్య సెంట్రింగ్ చెక్కలు విరిచి మంటలో వేస్తున్నాడు. మాటలు ట్రాఫిక్ మీదికి, వాన మీదికి పోయాయి. “పోయినేడు అక్క...” అని పెంటయ్య మొదలుపెట్టాడు. చెన్నకేశవులు మోచేత్తో పొడవగానే దగ్గి ఊరుకున్నాడు.

ఆమె పోయినప్పట్నుంచీ ఇదే వరస. వాళ్ళ మంచితనాన్ని మోషే కాదనలేడు. కానీ ఆమె పేరు ఎవరి నోటా వినబడక, అలాంటి మనిషి ఉండేదని తనకొక్కడికే తెలుసేమోనని భయం పట్టుకుంది. ఎవరైనా ఒక్కసారి అంటే చాలు. తానే ఎత్తబోయి వేరే మాటలోకి దిగేవాడు.

కాసేపటికి ఓపిక అయిపోయి లేచాడు. “ఇక ఘనం చేసేద్దామండీ.”

“గట్లనే సారూ!” పెంటయ్య ఉన్న చెక్కలన్నీ ఎత్తి ఒక్కసారే మంటలో పడేశాడు. నిప్పురవ్వలు మనిషెత్తు లేచాయి.

“అయ్యో, ఆర్పేద్దామన్నానండీ! మా గుంటూరు వైపు దీపాన్ని ఆర్పమని అనరు, ఘనం చెయ్యమంటారు. ఆ అలవాటున వచ్చేసింది.”

“ఆర్పుడుకు ఘనమా? గదేం మాట సారూ, లగ్గం జేసినట్టు!”

“మేమైతే కొండెక్కిందంటాం,” అన్నాడు చెన్నకేశవులు. “కట్టెలన్నీ ఏసేస్తివే సామీ. ఇంక గంటసేపు కూచ్చోవాల.”

“మీరు ఏదీ సక్కగ అనరేంది? మనిషి సచ్చిపోతే గూడ గిట్లనే...”

పెంటయ్య నాలుక కరుచుకున్నాడు.

మోషే మళ్ళీ కూర్చున్నాడు. కొత్త మంట వెచ్చదనం మోకాళ్ళకు తగిలింది.

“నిద్రించింది అంటామండీ,” అన్నాడు. “మా చర్చిలో అంతే. ఎస్తేరు నిద్రించింది.” ఊపిరి తీసుకున్నాడు. “మీరూ ఆ పేరు అనండి. నాకేం కాదు.”

పెంటయ్య గడ్డం గోక్కున్నాడు. “నిద్రంటే యాదికొచ్చింది. చెప్పాల్నా, కేశవులన్నా?”

“చెప్పు. ఇంక దాచేదేముండాది.”

“నైటు డ్యూటీ ఉన్న దినం ఎస్తేరక్క నాకు ఫోన్ జేసేది. ‘తమ్మీ, సారును జర మంట కాడనే కూసోబెట్టు. వస్తే టీ అంటడు, ముచ్చటంటడు, డ్యూటీకి పోయేముందు నా కునుకు పోతది’ అని. గందుకే బూడిదల బెట్టిన గడ్డలు ఇంక ఉడకలే, ఉడకలే అని మిమ్ముల ఆపేటోణ్ణి.”

మోషే తన ఇంటి కిటికీ వైపు తల తిప్పాడు. ఆమె ఎదురుచూస్తుంటుందని ఎన్ని సాయంత్రాలు ఇక్కణ్ణుంచి పరుగెత్తాడు! “కిటికీలో లైటు వెలుగుతూ ఉండేదే!”

“లైటేసుకొనే పండేది. ‘మేలుకొనే ఉన్న అనుకుంటడు, పాపం’ అనేది.”

మోషేకు నవ్వొచ్చింది. అది ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

“ఎస్తేరమ్మ గట్టిది సామీ,” అంటూ చెన్నకేశవులు, తన షుగరు చూసి ఆమె వీధిలోనే తిట్టిన సంగతి ఎత్తుకున్నాడు. పొరపాటున దొరికిన ఆ గంటంతా ఆమె పేరు మీదే గడిచింది.

మెట్లెక్కుతుంటే కాళ్ళు ఇందాకటి లాగే లాగాయి. మోషే చెప్పులు బయటే విడిచాడు. పడుకున్న మనిషిని లేపకూడదన్నట్టు, గొళ్ళెం చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా మూశాడు.