గురుగ్రహం దగ్గర ఆగిన తాడు

మా ఆయన గోడల మీద బొమ్మలూ అక్షరాలూ రాసే మేస్త్రీ. కోపం ముక్కు మీదే ఉంటుంది. చెయ్యి అంతకంటే ముందుంటుంది. ఆ సంగతి నా చెంపని అడిగితే చెబుతుంది.

నక్షత్రశాలలో మెట్ల పక్కన నేల నుంచి కప్పు దాకా లేచిన గోడ మాకు అప్పగించారు. భూమి నుంచి ఏది ఎంత దూరమో పిల్లలు పోల్చి చూసుకునేలా దాని మీద బార్ గ్రాఫ్ గీయాలి. లెక్క కట్టింది నా తమ్ముడు. చంద్రుడి పట్టీ ఒక్క సెంటీమీటరు అనుకుంటే శుక్రుడిది మీటరు దాటుతుంది, సూర్యుడిది దాదాపు నాలుగు మీటర్లు, గురుగ్రహానిది పదహారు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడి కుడిచేతిలో కుంచె ఉంటే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది.

మా ఆయన మాత్రం ఏ గోడకైనా అక్షరాల్ని సాగదీసో నొక్కేసో సరిపెట్టే రకం.

"చంద్రుడికి గోరంత పట్టీ ఏంట్రా? చూసినవాళ్లు మనం మర్చిపోయామనుకుంటారు" అంటూ మూరెడు గీసి పారేశాడు.

"అట్లయితే సూర్యుడు కప్పు బద్దలుకొట్టుకుని పోతాడు బావా" అని తమ్ముడు నవ్వుతూ, టర్పెంటైన్ గుడ్డతో దాన్ని తుడిచేశాడు. కుర్చీలో ఉన్న వాచ్‌మన్ కూడా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

రోలర్ కర్ర మొదటి దెబ్బ తమ్ముడి వీపు మీద పడింది. రెండోదానికి వాడు కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. వాడు కూలబడితే, మా ఆయన ఆ మణికట్టు మీదే చెప్పుకాలు పెట్టి తొక్కాడు.

"ఇప్పుడు కట్టరా లెక్కలు!"

నేను మీద పడి లాగాను. జుట్టు పట్టుకుని నా నుదురు గోడకేసి కొట్టాడు. అంగారకుడి పట్టీ ఇంకా పచ్చిగానే ఉంది. దాని ఎరుపులో నా రక్తం కలిసింది, తేడా కూడా తెలియలేదు. వాచ్‌మన్ అటు తిరిగి కూర్చున్నాడు. మొగుడూ పెళ్లాల గొడవట!

"వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అన్నాను.

"గురుగ్రహం పైకొస అయ్యాకే. తాడు పట్టు."

పైకప్పుకి బిగించిన గిలక మీదుగా తాడు, దాని ఒక కొసకి కూర్చునే పలక. రెండో కొసని కింద ఇనుప స్తంభానికి చుట్టి, నేను పట్టుకుని వదులుతుండాలి. పైనున్న మనిషి తాడుని రెండుసార్లు కుదిపితేనే దించాలి. ఒకసారి అరుపు విని దించినందుకు నా పన్ను ఊడగొట్టాడు. "నోటికి కాదే, తాడుకి పనిచెయ్యి" అన్నాడు ఆ రోజు.

అతను పలక మీద కూర్చుని, తాడు లాక్కుంటూ పైకెళ్లాడు. కింద తమ్ముడి చెయ్యి కుండలా ఉబ్బింది.

"అక్కా, వేళ్లు తెలియట్లేదు."

చూస్తే గోళ్లు నీలంగా ఉన్నాయి. ఆ చెయ్యి పోతే వాడేమైపోతాడు?

"దిగండి! వాడి వేళ్లు నల్లబడుతున్నాయి!"

జవాబుగా రంగు డబ్బా వచ్చింది. తమ్ముడి తలకి బెత్తెడు దూరంలో పడి పగిలింది.

"దించవే! ఆ రెండో చెయ్యి కూడా విరగ్గొడతా!"

అరిచాడు. తాడు మాత్రం కదల్లేదు. నేను దాన్ని స్తంభానికి ఇంకో నాలుగు చుట్లు చుట్టి, అతను నేర్పిన ముడే బిగించాను. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, కుదపడం మొదలుపెట్టాడు. రెండుసార్లు కాదు, పిచ్చెత్తినట్టు.

"ఆయన్ని దించవా అమ్మా?" వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"మేం ఆసుపత్రి చేరాక నువ్వు దించు. ఇప్పుడే దించుతానంటే నీ ఇష్టం. దిగాక ఆయనకి ఎదురుగా నిలబడేది మాత్రం నువ్వే."

వాచ్‌మన్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

తెల్లరంగులో వేలు ముంచి, తమ్ముడు తుడిచిన చోట, పట్టీలన్నీ మొదలయ్యే నేల గీతకి ఆనించి ఒక్కసారి నొక్కాను. చంద్రుడు. అంతే ఉండాలి. తర్వాత వాణ్ణి భుజం కింద పట్టుకుని లేపాను.

తలుపు దగ్గర ఆగి ఒకసారి పైకి చూశాను. కప్పు కింద కాళ్లు తన్నుకుంటూ, అమ్మనా బూతులు తిడుతున్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ చేతికీ నా చెంపకీ మధ్య ఇంత దూరం ఎప్పుడూ లేదు. పదహారు మీటర్లు. నా తమ్ముడి లెక్క తప్పదు.